ఇల్లు కొనడానికి నూటికి 80 అప్పు మామూలే అంటారు, షేర్లకైతే ఎందుకు కాదు?

ప్రశ్న

అందరికీ నమస్కారం. పెట్టుబడి కోసం అప్పు చేయడం గురించి చాలాకాలంగా నాకు ఒక సందేహం ఉంది. రుణ వ్యవహారాలను దగ్గరగా చూసినవారు, లెక్కల్లో పట్టున్నవారు తీరిక చేసుకుని జవాబివ్వవలసిందిగా కోరుతున్నాను.

ఒక వ్యక్తి తన దగ్గరున్న 20కి బ్యాంకు ఇచ్చిన 80 కలిపి 100 విలువైన ఇల్లు కొని అద్దెకిస్తే, ఆ నిర్ణయాన్ని ఎవరూ తప్పుపట్టరు. ముందుచూపు ఉన్నవారని మెచ్చుకునేవారే ఎక్కువ. అదే వ్యక్తి అదే 20కి 80 అప్పు జోడించి 100 విలువైన షేర్లు కొన్నారంటే మాత్రం జూదానికి దిగారంటారు. రెండు సందర్భాల్లోనూ సొంత డబ్బుకు నాలుగింతలు అప్పు ఉంది. రెండింటిలోనూ కొన్నదాని విలువ 20 శాతం పడిపోతే సొంత డబ్బు పూర్తిగా హరించుకుపోతుంది. పైగా వందలాది కంపెనీల్లో విస్తరించి ఉండే ఇండెక్స్ ఫండుకు ఒక కంపెనీ మునిగిపోయినా పెద్దగా నష్టం లేదు కానీ, ఒకే ఇంటిని కొన్నవారికి ఆ ఇంటి పునాది దెబ్బతిన్నా, ఆ చుట్టుపక్కల ఉపాధి తగ్గిపోయినా, అద్దెకున్నవారు ఖాళీ చేసి వెళ్లినా తప్పించుకునే దారి ఉండదు. అలాంటప్పుడు ఒకే ఇంటి మీద నూటికి 80 అప్పు చేయడం వివేకమూ, వందల కంపెనీల మీద అదే నిష్పత్తిలో అప్పు చేయడం అవివేకమూ ఎలా అయ్యాయో నాకు అర్థం కావడం లేదు.

ఇది వాదన కోసం అడుగుతున్నది కాదు. నాకు స్థిరమైన జీతం ఉంది, అత్యవసరాలకు పక్కన పెట్టిన సొమ్ము ఉంది, కొంత పొదుపు చేతిలో ఉంది. ఈ పొదుపుతో రాబోయే ఇరవై ఏళ్ల వరకు నాకు పని పడదు. ఇల్లు కొనాలా, షేర్లు కొనాలా అన్నదానికన్నా, దేనికి ఎంతవరకు అప్పు చేయవచ్చు, ఆ హద్దును దేన్నిబట్టి నిర్ణయించుకోవాలి అన్నదే నా అసలు ప్రశ్న. అప్పే చేయవద్దన్న సలహాను నేను గౌరవిస్తాను. దాని వెనకున్న లెక్క కూడా తెలిస్తే నిర్ణయం తీసుకోవడం తేలికవుతుందని అడుగుతున్నాను.

మొదటి జవాబు

మీ లెక్కలో తప్పు లేదు. 80 అప్పు ఉన్న చోట 20 శాతం పతనం వస్తే సొంత వాటా సున్నా అవుతుంది, అది ఇల్లయినా షేరయినా ఒకటే. అయితే ఆ నష్టం కాగితం మీద మిగిలిపోతుందా, లేక ఆ రోజే ఖాయమైపోతుందా అన్నది మీరు కొన్న వస్తువును బట్టి కాక, మీరు సంతకం చేసిన రుణపత్రాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి ఎంత అప్పు చేయవచ్చు అనే ప్రశ్న కన్నా ముందు, ఈ అప్పును ఎవరు, ఎప్పుడు, ఏ కారణం చూపి వెనక్కి అడగగలరు అనే ప్రశ్న వేసుకోవాలి. నేను కొన్నేళ్లపాటు రుణ విభాగంలో పనిచేశాను. పెట్టుబడి మంచిదై ఉండి కూడా అప్పు షరతుల వల్ల మునిగిపోయినవారిని చూసినందువల్లనే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

మామూలు గృహరుణంలో మీరు వాయిదాలు సక్రమంగా కడుతున్నంత కాలం, ఇంటి విలువ పడిపోయిందన్న ఒక్క కారణంతో అప్పు మొత్తం తీర్చమని బ్యాంకు అడగడం చాలా అరుదు. షేర్లను తాకట్టు పెట్టుకుని బ్రోకర్ ఇచ్చే మార్జిన్ రుణం తీరు వేరు. అక్కడ తాకట్టు విలువను ప్రతిరోజూ లెక్కకడతారు. అమెరికాలో కేంద్ర బ్యాంకు అయిన ఫెడరల్ రిజర్వు నిబంధన ప్రకారం కొనేటప్పుడు సగం డబ్బు సొంతంగా పెట్టాలి, ఆ తర్వాత బ్రోకర్ల నియంత్రణ సంస్థ ఫిన్రా నిబంధన ప్రకారం సొంత వాటా మొత్తం విలువలో 25 శాతానికి తగ్గకూడదు; చాలామంది బ్రోకర్లు అంతకన్నా ఎక్కువే అడుగుతారు. ఆ శాతాన్ని ముందస్తు నోటీసు లేకుండా పెంచే హక్కు, మీతో మాట్లాడకుండానే షేర్లు అమ్మివేసే హక్కు కూడా ఒప్పందంలో సాధారణంగా రాసి ఉంటాయి.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక చిన్న లెక్కలో చూడండి. సగానికి మించి అప్పు దొరికే చోట మీ సొంత డబ్బు 40, అప్పు 60, షేర్లు 100 అనుకుందాం. మార్కెట్ 30 శాతం పడితే షేర్ల విలువ 70 అవుతుంది, అప్పు 60 అలాగే ఉంటుంది, మీ వాటా 10 మాత్రమే మిగులుతుంది. అది 70లో ఏడో వంతు, అంటే 25 శాతానికి చాలా తక్కువ. మీరు కొత్తగా డబ్బు తేలేకపోతే బ్రోకర్ 30 విలువైన షేర్లను అమ్మి అప్పును 30కి తగ్గిస్తారు. మీ చేతిలో 40 విలువైన షేర్లు ఉంటాయి. కొన్నాళ్లకు మార్కెట్ తిరిగి పాత స్థాయికి చేరిందనుకోండి. ఆ 40 విలువైన షేర్లు 57 అవుతాయి, అప్పు 30 పోగా మీకు 27 మిగులుతుంది. అప్పు లేకుండా 40 పెట్టినవారు మధ్యలో 28కి దిగి, తిరిగి 40కి చేరుకుంటారు. మార్కెట్ పూర్తిగా కోలుకుంది, మీ అంచనా నిజమైంది, అయినా వడ్డీని లెక్కలోకి తీసుకోకముందే మూడో వంతు సొమ్ము శాశ్వతంగా పోయింది. అసలుకే ఎసరు అంటే ఇదే.

ఇది ఊహాజనితమైన ప్రమాదం కాదు. 2020 ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 వరకు, దాదాపు ఐదు వారాల్లో, అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ 34 శాతం పడింది. అదే ఏడాది ఆగస్టుకల్లా పాత గరిష్ఠాన్ని దాటింది. ఓపికపట్టినవారికి అది ఆరు నెలల ఆందోళనగా ముగిసింది, మార్జిన్ మీద కొన్నవారిలో చాలామందికి ఓపికపట్టే అవకాశమే లేకపోయింది. 1987 అక్టోబరు 19న డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులోనే 22.6 శాతం పడింది. 1920లలో పదో వంతు డబ్బు చేతిలో ఉంటే షేర్లు కొనగలిగే పరిస్థితి ఉండేది. 1929 సెప్టెంబరులో 381 దగ్గరున్న ఆ సూచీ 1932 జూలైకి 41కి దిగింది, తిరిగి పాత స్థాయికి చేరింది 1954లో. మార్జిన్ మీద పరిమితి పెట్టే అధికారాన్ని 1934 చట్టం ఫెడరల్ రిజర్వుకు ఇవ్వడానికి ఆ అనుభవమే కారణం.

ఇప్పుడు ఇళ్ల సంగతి చూడండి. 1997 నుంచి 2003 మధ్య హాంకాంగ్‌లో ఇళ్ల ధరలు 60 శాతానికి పైగా పడిపోయాయి. లక్షకు పైగా రుణాల్లో అప్పు ఇంటి విలువను మించిపోయింది. అంతటి పతనంలోనూ మూడు నెలలకు మించి వాయిదాలు బకాయిపడిన గృహరుణాలు గరిష్ఠంగా 1.5 శాతం లోపే ఉన్నాయి. వాయిదా కట్టగలిగినవారు కడుతూ పోయారు, వారిని ఇల్లు అమ్మమని ఎవరూ అడగలేదు. ఇంతటి పతనంలో మార్జిన్ ఖాతాలు నిలబడే ప్రశ్నే లేదు.

అందువల్ల మీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఇంటి మీద ఎక్కువ అప్పు సహించదగినది కావడానికి కారణం ఇల్లు భద్రమైనదని కాదు, ధర పడినప్పుడు ఎదురుచూసే హక్కును ఆ అప్పు మీకు వదిలిపెడుతుందని. మార్జిన్ రుణం ఆ హక్కును తీసేసుకుంటుంది.

రెండో జవాబు

పై జవాబులో చెప్పిన మార్జిన్ వ్యవహారంతో నాకు పేచీ లేదు. అయితే హాంకాంగ్ ఉదాహరణ చదివి, వాయిదా కడుతుంటే చాలు ఇంటి అప్పు ఎంతున్నా ఫర్వాలేదనే అభిప్రాయానికి ఎవరైనా వస్తారేమోనని రాస్తున్నాను. "వాయిదా కట్టగలిగినంత కాలం" అన్న షరతులోనే మొత్తం ప్రమాదం దాగి ఉంది.

అక్కడ 1990లలోనే ఇంటి విలువలో 70 శాతానికి మించి అప్పు ఇవ్వకూడదన్న కట్టుబాటు ఉండేది, నిరుద్యోగం కూడా గరిష్ఠంగా 9 శాతం లోపే ఆగింది. దాని పక్కన ఐర్లండును పెట్టి చూడండి. 2007 నుంచి 2013 మధ్య అక్కడ ఇళ్ల ధరలు దాదాపు సగానికి పడ్డాయి. ధరలు పెరుగుతున్న రోజుల్లో విలువకు సమానంగా, అంటే నూటికి నూరు అప్పు ఇచ్చిన బ్యాంకులు ఉన్నాయి. ధరలు పడిన అదే కాలంలో నిరుద్యోగం 5 శాతం దగ్గరి నుంచి సుమారు 15 శాతానికి పెరిగింది. 2013 నాటికి సొంత నివాసాల మీది గృహరుణాల్లో పదింట ఒకటికి పైగా మూడు నెలలు దాటి బకాయిపడ్డాయి. రెండు చోట్లా ధరల పతనం భారీగానే ఉంది. ఫలితాలు ఇంతగా వేరుపడటానికి జీతాలు నిలబడటమూ, మొదట చేసిన అప్పు పరిమాణమూ ముఖ్య కారణాలు. ఆ తర్వాత 2015లో ఐర్లండు కేంద్ర బ్యాంకు ఇంటి విలువకూ, రుణగ్రహీత ఆదాయానికీ ముడిపెట్టి అప్పుకు పరిమితులు విధించింది.

ఇళ్ల ధర పడటమూ, ఉద్యోగం పోవడమూ వేర్వేరు ప్రమాదాలని మనం అనుకుంటాం. చాలాసార్లు అవి ఒకే కారణానికి రెండు ముఖాలు. ఒక ప్రాంతంలో పెద్ద పరిశ్రమ మూతపడితే మీ జీతం, మీ ఇంట్లో అద్దెకున్నవారి జీతం, ఆ ఇంటిని కొనవలసినవారి జీతం ఒకేసారి దెబ్బతింటాయి.

ఇక ఇంటి ధర నిలకడగా కనబడటం గురించి. షేరు ధరను మార్కెట్ ప్రతి క్షణమూ ప్రకటిస్తుంది. ఇంటి ధరను అమ్మే రోజున తప్ప ఎవరూ చెప్పరు. ధర కనబడకపోవడమూ, ధర మారకపోవడమూ ఒకటి కావు. ఊరంతటి ఇళ్ల సగటును చూపించే సూచీ నెమ్మదిగా కదిలినా, మీరు కొన్నది సగటును కాదు, ఒక్క ఇంటిని. 2006 నుంచి 2012 మధ్య అమెరికా మొత్తానికి ఇళ్ల ధరల పతనం సుమారు 27 శాతం అయితే, లాస్ వేగాస్ వంటి చోట్ల అది 60 శాతం దాకా వెళ్లింది.

వడ్డీ సంగతి కూడా మీ ప్రశ్నలో లేదు. పాతికేళ్ల గడువున్న రుణం మీద వడ్డీ 4 శాతం నుంచి 7 శాతానికి పెరిగితే నెలవారీ వాయిదా దాదాపు 34 శాతం పెరుగుతుంది. అద్దె అంత వేగంగా పెరగదు. స్థిర వడ్డీకి అప్పు తీసుకున్నవారికి ఈ బాధ లేదు, పైగా ద్రవ్యోల్బణం ఎక్కువైతే వారి అప్పు అసలు విలువ దానంతటదే కరిగిపోతుంది. 1970లలో అమెరికాలో దీర్ఘకాల స్థిర వడ్డీ గృహరుణాలు తీసుకున్నవారు ఆ విధంగా లాభపడ్డారు. కానీ చాలా దేశాల్లో స్థిర వడ్డీ అంటే మొదటి రెండేళ్లో, ఐదేళ్లో మాత్రమే. ఆ తర్వాత రేటు మార్కెట్‌తో పాటు కదులుతుంది.

కొనుగోలు ఖర్చులను కూడా సొంత వాటాతోనే పోల్చి చూడాలి. పన్నులు, రిజిస్ట్రేషను, మధ్యవర్తి రుసుము కలిపి ధరలో 5 శాతం అనుకుంటే అది చిన్నదిగానే వినిపిస్తుంది. మీరు పెట్టిన 20లో అది నాలుగో వంతు. ఇండెక్స్ ఫండు కొనేవారికి ఈ బెడద దాదాపు లేదు. కనుక మొదటి జవాబు రాసినవారు చెప్పిన ఎదురుచూసే హక్కు ఉచితంగా రాదు. దానికి ప్రతి నెలా జీతంలోంచి, అద్దెలోంచి రుసుము కట్టవలసి ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. వీటిని చదివాక సహజంగానే ఇంకో ఆలోచన వస్తోంది. గృహరుణంలోని గుణం ఎదురుచూసే హక్కు అయితే, షేర్లలోని గుణం విస్తరణ, తక్కువ ఖర్చు అయితే, ఈ రెండింటినీ కలపకూడదా? నేను ఉంటున్న ఇంటి మీద ఇప్పటికే చాలా అప్పు తీర్చేశాను. ఆ ఇంటిని తిరిగి తాకట్టు పెట్టి, తక్కువ వడ్డీకి, దీర్ఘకాలానికి అప్పు తీసుకుని ఇండెక్స్ ఫండులో పెడితే మార్జిన్ కాల్ భయం, అంటే వెంటనే ఇంకా డబ్బు తెమ్మని బ్రోకర్ అడుగుతారన్న భయం ఉండదు, ఒకే ఆస్తి మీద ఆధారపడే ఇబ్బందీ ఉండదు. ఇందులో నేను చూడలేకపోతున్న లోపం ఏమిటి?

మూడో జవాబు

మీ ఆలోచన తర్కబద్ధంగానే ఉంది. షేర్ల కోసం అప్పు చేసే మార్గాల్లో మార్జిన్ రుణం కన్నా ఇది మెరుగైనదని నేనూ ఒప్పుకుంటాను. దినసరి రెండింతల రాబడి ఇస్తామనే ఫండ్ల కన్నా కూడా మెరుగైనదే. సూచీ ఒకరోజు 10 శాతం పడి మర్నాడు 11.1 శాతం పెరిగితే ఉన్నచోటికి వస్తుంది, కానీ దినసరి రెండింతల ఫండులో పెట్టిన 100 మొదట 80కి దిగి, తర్వాత 22.2 శాతం పెరిగినా 97.8 దగ్గరే ఆగిపోతుంది. ఊగిసలాట ఎంత ఎక్కువైతే ఈ అరుగుదల అంత ఎక్కువ. మీ పద్ధతిలో ఆ అరుగుదల లేదు.

అయినా రెండు విషయాలు చెప్పాలి.

మొదటిది లెక్క. సొంత డబ్బుకు ఎన్నింతలు పెట్టుబడి పెడితే దీర్ఘకాలంలో సంపద అత్యంత వేగంగా పెరుగుతుంది అనే ప్రశ్నకు 1956లో బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ, ఆ తర్వాత 1969లో మరింత విస్తృతంగా రాబర్ట్ మెర్టన్ జవాబులు కట్టారు. సులువుగా చెప్పాలంటే, పెట్టుబడి మీద ఆశించే సగటు రాబడిలోంచి అప్పు వడ్డీని తీసేసి, మిగిలినదాన్ని ఆ పెట్టుబడి ఏటా ఎంత ఊగిసలాడుతుందో ఆ అంకె వర్గంతో భాగించాలి. షేర్ల మీద సగటు రాబడి 7 శాతం, వడ్డీ 5 శాతం, ఊగిసలాట 20 శాతం అనుకోండి. 7లోంచి 5 పోగా మిగిలిన 0.02ను, 0.2 వర్గమైన 0.04తో భాగిస్తే 0.5 వస్తుంది. ఒకటి వస్తే ఉన్న డబ్బంతా పెట్టవచ్చునని అర్థం. ఒకటి దాటితేనే అప్పు గురించి ఆలోచించాలి. వడ్డీ 3 శాతానికి తగ్గినా సరిగ్గా ఒకటే వస్తుంది, అంటే అప్పుడు కూడా అప్పు సున్నా. వడ్డీ 3 శాతం ఉండగా రాబడిని 9 శాతంగా ఊహించుకుంటే ఒకటిన్నర వస్తుంది, అప్పు చేయమంటుంది. మన ఊహలో రెండు శాతం తేడా మొత్తం నిర్ణయాన్ని తలకిందులు చేస్తోందని గమనించండి. రాబోయే ఇరవై ఏళ్ల సగటు రాబడిని రెండు శాతం తేడాలోపు చెప్పగలవారెవరూ లేరు. అందుకే ఈ సూత్రాన్ని వాడేవారు వచ్చిన అంకెలో సగమే తీసుకోవడం పరిపాటి.

ఇదే లెక్కను అద్దె ఇంటికి వేసినా అంత గొప్ప జవాబేమీ రాదు. ఖర్చులు పోగా మిగిలే అద్దె, ధర పెరుగుదల కలిపి 6 శాతం, వడ్డీ 5 శాతం, ఒక్క ఇంటి ధరలో ఊగిసలాట 12 శాతం అనుకుంటే 0.7 వస్తుంది. నూటికి 80 అప్పు అంటే సొంత 20కి ఐదింతల పెట్టుబడి, ఇదే కొలతలో 5 అన్నమాట! మామూలు రోజుల్లో 20 సొంత డబ్బు మీద లెక్కేస్తే, ఇల్లు 6 సంపాదిస్తుంది, వడ్డీకి 4 పోతుంది, మిగిలిన 2 మీ 20 మీద 10 శాతం రాబడిగా ఆకర్షణీయంగా కనిపిస్తుంది. ఇంటి రాబడి 6 నుంచి 3కి తగ్గితే అదే 20 మీద ఏటా 5 శాతం నష్టం. కాబట్టి ఇంటి మీద భారీ అప్పు మామూలే అన్న మాటను లెక్క సమర్థించడం లేదు. తాను నివసించే ఇంటికి ఆ అప్పు చేయడంలో అర్థముంది, ఎందుకంటే అక్కడ అద్దె ఆదా అవుతుంది, తల మీద కప్పు ఉంటుంది, వాయిదా రూపంలో బలవంతపు పొదుపు జరుగుతుంది. ఆ అలవాటును అద్దె ఇళ్ల పెట్టుబడికి యథాతథంగా తీసుకురావడం వల్లనే అది సహజమైనదిగా కనిపిస్తోందని నా అభిప్రాయం.

రెండో విషయం మీ ప్రత్యేక పథకానికి సంబంధించినది. షేర్ల ధర పడితే షేర్లు పోయే బదులు, వాయిదా తప్పితే మీరు ఉంటున్న ఇల్లు పోయే పరిస్థితిని మీరే తెచ్చుకుంటున్నారు. ఇంతకుముందు షేర్ల మీదున్న ప్రమాదం ఇప్పుడు ఇంటి గడప దాటి లోపలికి వచ్చింది. ఇండెక్స్ ఫండు ఇచ్చే డివిడెండు 2 శాతం దగ్గర ఉండి, అప్పు వడ్డీ 5 శాతం ఉంటే, ఆ తేడా, దానితో పాటు అసలు వాయిదా ప్రతి నెలా జీతంలోంచే పోవాలి. షేర్లు అమ్మి వాయిదా కట్టడం మొదలుపెడితే, మార్కెట్ పడిన రోజుల్లో బ్రోకర్ చేసే పనినే మీరు మీ చేతులతో చేస్తున్నట్లవుతుంది. 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు ఎస్ అండ్ పీ సూచీ 57 శాతం పడింది. ఆ పదిహేడు నెలల పాటు, సగానికి పైగా విలువ పోయిన షేర్ల కోసం ప్రతి నెలా జీతంలోంచి వాయిదా కడుతూ, ఇంట్లోవారికి ధైర్యం చెబుతూ ఉండగలరా అన్నది లెక్కలకు అందని ప్రశ్న. దానికి జవాబు మీ ఒక్కరిది కాదు, ఆ ఇంట్లో ఉండేవారందరిదీ.

జపానును కూడా గుర్తుంచుకోవాలి. 1989 చివర్లో 38,915 దగ్గరున్న నిక్కీ సూచీ ఆ స్థాయిని తిరిగి దాటింది 2024 ఫిబ్రవరిలో. మీ ఇరవై ఏళ్ల గడువు అక్కడ సరిపోయేది కాదు. డివిడెండ్లు కలిపితే చిత్రం కొంత మెరుగుపడే మాట నిజమే కానీ, వడ్డీ కట్టే వ్యక్తికి అది చాలదు.

మొదటి జవాబు రాసినవారు

పై ఇద్దరూ చెప్పినది నా మాటకు అవసరమైన సవరణే, రెండింటినీ అంగీకరిస్తున్నాను. మీరు మొదట అడిగినది హద్దు ఎక్కడ అని కాబట్టి, నేనైతే ఆ హద్దును ఎలా కడతానో చెబుతాను.

అద్దె ఇంటికి బ్యాంకు ఎంత ఇస్తుందన్న అంకెను పక్కన పెడతాను. వడ్డీ మూడు శాతం పెరిగి, ఇల్లు ఖాళీగా ఉన్న స్థితిలో కూడా వాయిదాను ఇంటి ఖర్చులు పోగా మిగిలే జీతంతో కట్టగలగాలి అన్నది నా మొదటి పరీక్ష. ఉదాహరణకు నెలకు అన్ని ఖర్చులూ పోగా మీకు 10 మిగులుతుంది, 4 శాతం వడ్డీ మీద వాయిదా 8 అవుతుంది అనుకోండి. ఈ రోజున అది హాయిగా సరిపోతుంది. వడ్డీ 7 శాతమైతే వాయిదా 10.7 అవుతుంది, అద్దె లేకపోతే ప్రతి నెలా లోటే. అప్పును 80 నుంచి సుమారు 74కి తగ్గిస్తే ఆ లోటు పోతుంది. జీతమే ఆగిపోయే పరిస్థితికి ఇది చాలదు. దానికి విడిగా కనీసం ఒక ఏడాది వాయిదాలకు సరిపడే సొమ్ము, ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే చోట, షేర్లలో కాకుండా ఉండాలి. ఆ సొమ్మును కూడా మీ 20లోంచి తీయవలసి వస్తే ఆ మేరకు చిన్న ఇల్లే మీకు తగినది. చాలామంది విషయంలో ఈ పరీక్షలన్నీ పూర్తయ్యేసరికి అప్పు నూటికి 50, 60 మధ్య ఆగుతుంది.

షేర్ల మీద మార్జిన్ రుణమే తీసుకోవాలనుకుంటే, బ్రోకర్ 25 శాతం అడుగుతున్నా అది ఏ సంక్షోభంలోనో 40కి పెరుగుతుందని అనుకుని లెక్క వేయాలి. నూటికి 30 అప్పు ఉన్న ఖాతాలో మార్కెట్ 50 శాతం పడగానే ఆ గీత తాకుతుంది. 2009లో ఆ ఖాతా నిలిచేది కాదు. నూటికి 20 అప్పు అయితే 67 శాతం పతనం దాకా నిలుస్తుంది. ఒక్క కంపెనీ షేర్ల మీద అయితే అదీ ఎక్కువే. బర్క్‌షైర్ హాథవే వంటి పటిష్ఠమైన కంపెనీ షేరు కూడా నాలుగుసార్లు భారీగా పడింది: 1973-75లో 59 శాతం, 1987లో 37 శాతం, 1998-2000లో 49 శాతం, 2008-09లో 51 శాతం. అప్పు లేకుండా దాన్ని పట్టుకుని కూర్చున్నవారికి ఏ నష్టమూ లేదు. ఈ కారణం చేతనే షేర్లు కొనడానికి అప్పు చేయవద్దని ఆ కంపెనీని నడిపిన వారెన్ బఫెట్ తన వాటాదారులకు స్పష్టంగా చెప్పారు.

ఉంటున్న ఇంటిని తాకట్టు పెట్టి షేర్లు కొనే విషయంలో నేను మూడో జవాబు పక్షాన ఉన్నాను. తప్పదనుకుంటే, షేర్ల విలువ సున్నా అయినా జీతంతో తీర్చగలిగినంత అప్పుకే పరిమితం కండి. ఇంటి అప్పును ముందుగా తీర్చేయడం కూడా పెట్టుబడే అన్నది మరువవద్దు. 5 శాతం వడ్డీ ఉన్న అప్పును తీరిస్తే ఏ ఊగిసలాటా లేకుండా 5 శాతం రాబడి వచ్చినట్లే, దానికి పోటీగా షేర్లు ఎంత ఇవ్వాలో చూసుకోండి. వడ్డీ మీద పన్ను మినహాయింపు మీరున్న చోటి నిబంధనలను బట్టి, అప్పు ఏ పనికి వాడారన్న దాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఆ లెక్కను సంతకానికి ముందే పన్ను నిపుణులతో సరిచూసుకోవాలి.

ఇంకొక్కటి. రుణపత్రంలో మూడు అంశాలు తప్పకుండా వెతకండి. తాకట్టు విలువ తగ్గితే అదనపు హామీ అడిగే షరతు ఉందా అన్నది ఒకటి. నివాస గృహాల రుణాల్లో అరుదే కానీ, వాణిజ్య భవనాల రుణాల్లో ఇది మామూలుగా ఉంటుంది. ఇల్లు అమ్మినా తీరని మిగతా అప్పు మీ మీదే ఉంటుందా అన్నది రెండోది. అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో బ్యాంకు ఇంటితో సరిపెట్టుకోవాలి, స్పెయిన్ వంటి చోట్ల మిగిలిన బాకీ సాధారణంగా మనిషినే వెంటాడుతుంది. మూడోది, అప్పును తిరిగి రాయించుకోవలసిన తేదీ. పాతికేళ్ల వాయిదాల లెక్కతో ఇచ్చి, ఐదో ఏటనే మొత్తం బాకీని కొత్త రుణంగా మార్చుకోమనే పత్రాలు ఉంటాయి. అలాంటి పత్రంలో ఆ ఐదో ఏట ఇంటి విలువ తక్కువగా ఉంటే, మీరు ఒక్క వాయిదా తప్పకపోయినా, మార్జిన్ కాల్ లాంటిదే మీ ఇంటి విషయంలోనూ ఎదురవుతుంది. మీ చేతిలో ఉన్న రుణ ప్రతిపాదనలో ఆ తేదీ ఏమిటో చూసి ఇక్కడ రాస్తే, దాన్ని బట్టి అప్పు ఎంత తగ్గించాలో కలిసి లెక్కవేద్దాం.